ఆవకాయ మోచెయ్యి

మల్లేశ్వరం మార్కెట్లో మామిడికాయలు అమ్మినవాడు, ముక్కలు కూడా తానే కొట్టించి ఇస్తానని మొదట కన్నడంలోనూ ఆ పైన తెలుగులోనూ చెప్పినా, ప్రతి ముక్కకూ టెంక పెచ్చు అంటి ఉండాలంటే గుంటూరు చెయ్యి పడవలసిందేనని మా బాబాయి పట్టుబట్టారు. ఊరినుంచి తెచ్చుకొన్న ఆవకాయ కత్తికి బెంగళూరు వచ్చాక ఇదే తొలి అవకాశం. బస్తాడు కాయలూ ఆయన ఒంటిచేత్తో కొట్టారు. మూడోనాడు ఊరిన ఆవకాయను తిరగకలిపి జాడీకి వాసెన కట్టబోయినప్పుడు మాత్రం, మోచేతి లోపలి వైపు ఎవరో మేకు దిగగొట్టినట్లు కేక వేశారు.

డాక్టరుగారు అరచేతిని కిందికి నొక్కి, దాన్ని ఎదిరించి మణికట్టును పైకి వంచమన్నారు. బాబాయి మళ్ళీ కేక వేశారు. మణికట్టును లోపలికి వంచే కండరాలను ఎముకకు కలిపే టెండన్లు మోచేతి లోపలి బొడిపె దగ్గర అతుక్కొని ఉంటాయని, పిడికిలి బిగించి పదేపదే చేసే పనివల్ల అవి దెబ్బతింటాయని ఆయన వివరించారు. ఆ బొడిపె వెనుకనుంచే ఒక నరం పోతుంది కనుక చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయేమో అడిగి, లేదనిపించుకొని, చీటీమీద ‘గోల్ఫర్స్ ఎల్బో’ అని రాశారు.

ఈ నొప్పి వచ్చేవారిలో చాలామంది గోల్ఫ్ కర్ర పట్టనివారే. బాబాయి కూడా శాంకీ రోడ్డులో 1876 నాటి గోల్ఫ్ క్లబ్బును బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప లోపల అడుగుపెట్టి ఎరుగరు. అయినా పిన్ని ఆ చీటీని అపార్ట్‌మెంటంతా చూపించడంతో, పై అంతస్తులోని గోల్ఫ్ ఆటగాడొకాయన దిగివచ్చి, పట్టు మరీ బిగించకూడదని గంటసేపు బోధించి వెళ్ళారు. కత్తికీ అది వర్తించే మాటే కాబట్టి బాబాయి శ్రద్ధగానే విన్నారు.

ఇంజెక్షన్‌తో త్వరగా ఉపశమనం కలిగినా నొప్పి తిరగబెట్టవచ్చునని డాక్టరుగారు దాని జోలికి పోలేదు. కొంతకాలం బరువులెత్తకుండా ఉండడం, గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పావుగంట పెట్టడం, మోచేతికి కాస్త కింద పట్టీ కట్టుకోవడం, నొప్పి తగ్గుముఖం పట్టాక వ్యాయామం, ఇదీ వైద్యం. మంచు చూసి పిన్నికి దిగులు పట్టుకొంది. ఆముదం కాపడంతో పోయే నొప్పికి ఐసుఫ్రూటు వైద్యమేమిటని ఆమె వాదన.

అసలు చిక్కు వ్యాయామంతో వచ్చింది. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచెయ్యి పైకి ఉండేలా అరకిలో బరువు పట్టుకొని, రెండో చేతి సాయంతో మణికట్టును ఎత్తి, నెమ్మదిగా కిందికి దించాలి. డంబెల్ కొనడం దండగని బాబాయి అరకిలో ఆవకాయ సీసా పట్టారు. వారాలు గడిచేకొద్దీ బరువు పెంచాలని ఫిజియోథెరపిస్టు చెప్పింది, కాని వ్యాయామం ముగియగానే ఎదురుగా వేడి అన్నం, చేతిలో సీసా ఉండడంవల్ల అది ఇంట్లో నానాటికీ తేలికవుతూ వచ్చింది.

‘‘ఎంతవరకు వచ్చారు సార్?’’ అని ఆమె అడిగినప్పుడు బాబాయి నోరు విప్పేలోగా పిన్నే జవాబు చెప్పింది.

‘‘ఊట దాకా వచ్చారమ్మా.’’