ఒకరోజు రిఫ్రెషర్ కోర్సు గారికి, మందుల షాపు కౌంటరు నుంచి

మహారాజశ్రీ రిఫ్రెషర్ కోర్సు గారికి,

అమలాపురం వెళ్లే రోడ్డులో, బస్సు ఆగే చోట మందుల షాపు నడుపుకుంటున్న ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు, మా ఫార్మసిస్టుల పాత చదువుకి మెరుగు పెట్టే తమకి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. క్షేమంగా లేనివాళ్లే మా దగ్గరికి వస్తారు గనక వ్యాపారం కూడా క్షేమమే.

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయండి. 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో. ఒక్క మునక వేస్తే పన్నెండేళ్ల పాపం పోతుందని మా నమ్మకం. మీరు అంతకన్నా దయామయులు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్ల ప్రకారం ఐదేళ్లలో రెండుసార్లు, ఒక్కో రోజు చొప్పున మీ సన్నిధిలో కూర్చుంటే చాలు, మా అజ్ఞానమంతా కొట్టుకుపోతుంది. పుష్కరాల్లో కనీసం తల తడవాలి. మీ దగ్గర ఆ షరతు కూడా లేదు.

మొన్నటి మీ దర్శనం ఒక ఏసీ కల్యాణమండపంలో అయింది. పొద్దున్నే పేరు రాయించుకుని సంచీ, పెన్ను, నోటు పుస్తకం, భోజనం కూపన్ అందుకున్నాం. జ్యోతి ప్రజ్వలన చేసేసరికి పదిన్నర. వేదిక మీదున్న పెద్దలందరికీ శాలువాలు కప్పేసరికి పదకొండున్నర. 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువుకి పునాది వేసిన మహాదేవ లాల్ ష్రాఫ్ గారి ఫొటోకి దండ వేశారు. ఆయన మా వైపు కాస్త అనుమానంగా చూస్తున్నట్టు అనిపించింది గానీ, నా భ్రమ అయి ఉంటుంది.

తర్వాత పాఠం. క్యాన్సర్ కణం దగ్గరికి మందుని తిన్నగా మోసుకెళ్లే నానో కణాల గురించి, ఇంగ్లీషులో, గంటసేపు. గొప్ప విషయమేనండి, కాదనను. మా షాపులో మందు మాత్రం నానో కణాల్లో కాదు, కాగితం కవర్లలో వెళ్తుంది. ఆ కవరు మీద ఏం రాయాలో ఎవరైనా చెబుతారేమోనని ఆశగా చూశాను. చివరి స్లైడులో ‘థ్యాంక్యూ’ అని గులాబీ పువ్వు వచ్చింది. ఈలోగా వెనక వరసల్లోంచి పనసపొట్టు కూర వాసన తగిలి సభ దానంతటదే ముగిసింది. భోజనం విషయంలో మిమ్మల్ని వేలెత్తి చూపడానికి లేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పులిహోర, ఆత్రేయపురం పూతరేకులు. తిన్నాక అందరూ రాజోలు బస్సు, రావులపాలెం బస్సు పట్టుకుని చెక్కేస్తారని మీకు తెలుసు. అందుకే సర్టిఫికెట్లు నాలుగింటిదాకా తాళం వేసి ఉంచారు. మీ తెలివి మీద నాకున్న గౌరవం అప్పుడు రెట్టింపయింది.

ఒక చిన్న సందేహం. ఫార్మసిస్టు లేకుండా మందులు ఇవ్వకూడదు, అతని కళ్లెదుటే ఇవ్వాలి అని చట్టం. 1948 ఫార్మసీ చట్టం అదే చెబుతుంది, 1945 డ్రగ్స్ రూల్సూ అదే చెబుతాయి. మీరూ మైకులో గట్టిగా అదే చెప్పారు. చప్పట్లు కొట్టాం. కొట్టిన వాళ్లందరం ఆ రోజు షాపు వదిలేసి వచ్చినవాళ్లమే. ఫార్మసిస్టు షాపు వదిలి కదలకూడదని నేర్చుకోవడానికి షాపు వదిలి రావాల్సి వచ్చింది. కొందరు షట్టరు దించి వచ్చారు. మిగతావాళ్ల షాపులు మామూలుగానే నడిచాయి. ఏం తేడా రాలేదట. ఆ ‘ఏం తేడా రాలేదు’ అన్న మాట మీద మీరో సెషన్ పెడితే బాగుండేది.

తేడా ఎందుకు రాలేదో నేను చెబుతాను. మా కోనసీమలో గల్ఫ్ వెళ్లని ఇల్లు అరుదు. కొన్ని షాపుల్లో రిజిస్ట్రేషన్ కాగితం గోడ మీద అద్దం వెనక నవ్వుతూ ఉంటుంది, దాని తాలూకు మనిషి కువైట్‌లో ఉంటాడు. నెలనెలా ఆ కాగితం అద్దె వాళ్ల నాన్న పట్టుకెళ్తాడు. అలాంటి మనిషికీ మీరు అందుబాటులోకి వచ్చారు, ఆన్‌లైన్‌లో. వీడియో ఆపేసి, మైకు ఆపేసి, ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నా హాజరు పడుతుంది. ఆఖర్న ఒక పరీక్ష. దాని జవాబులు ‘1-బి, 2-ఎ, 3-డి’ అంటూ వాట్సాప్ గ్రూపులో ప్రశ్నల కన్నా ముందే వచ్చేస్తాయి. అందరికీ మంచి మార్కులే.

నిజానికి మందు ఇచ్చేది మరొకడు. ఇంటర్ చదివి కౌంటర్లో నిలబడిన కుర్రాడు. ఏ డాక్టరు గిలికినా చదువుతాడు. ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెబుతాడు. ‘ఈ కంపెనీది లేదండి, సేమ్ మందు, ఇది తీసుకోండి’ అనడం వాడికి కొట్టిన పిండి. వాడి పేరు మీ రిజిస్టర్లో ఎక్కడా లేదు, ఉండదు కూడా. చట్టం దృష్టిలో వాడు లేనే లేడు. ఊరి దృష్టిలో వాడు డాక్టరు.

వాడికి ఎవరూ చదువు చెప్పడం లేదనుకోకండి. మందుల కంపెనీ పంపే మెడికల్ రెప్ వారం వారం వస్తాడు. తెలుగులో మాట్లాడతాడు. టీ తాగుతూ, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, రంగుల కాగితం తెరిచి, ఈ యాంటీబయాటిక్ దానికన్నా ఎందుకు మేలో ఐదు నిమిషాల్లో కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పి, పదికి ఒకటి ఫ్రీ అని స్కీము ప్రకటించి వెళ్తాడు. కుర్రాడికి మొత్తం గుర్తుంటుంది. నిరంతర విద్య అని మీరు పేరు పెట్టుకున్నారు గానీ, దాన్ని నిరంతరంగా నడుపుతున్నది ఆ రెప్పే. మీరు ఐదేళ్లకి రెండుసార్లు, అతను నెలకి నాలుగుసార్లు. అతని పాఠం అతని మందు దగ్గర మొదలై అతని మందు దగ్గరే ఆగిపోతుంది, అదొక్కటే చిక్కు.

ఇక కౌంటరు సంగతి. మీరెప్పుడూ చూడలేదు గనక కొంచెం విస్తరంగా రాస్తాను, విసుక్కోకండి.

సాయంత్రం ఆరు దాటాక రండి. ఇన్సులిన్ సీసా మన దగ్గర ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల బలంతో వస్తుంది. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులా ఉండే ఇన్సులిన్ ఇంజెక్షన్‌లో వేసే కార్ట్రిడ్జ్ బలం 100 యూనిట్లు. 100 సిరంజికి నారింజ మూత. ఒక ముసలాయన పెన్ను పాడైందని ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితోనే కార్ట్రిడ్జ్‌లోంచి మందు లాగితే, ఇరవై గీత దగ్గర ఆయన ఒంట్లోకి వెళ్లేది యాభై యూనిట్లు. రెండున్నర రెట్లు. రాత్రి షుగరు దిగిపోయి, చెమటలు పట్టి పడిపోతే, ఇంట్లోవాళ్లు గుండె అనుకుని కారెక్కిస్తారు. సిరంజి అడిగిన ప్రతివాడినీ ‘సీసాకా, పెన్నుదా?’ అని అడగాలని కుర్రాడికి నేర్పితే చాలు. ఆ ఒక్క ప్రశ్న మీ నానో కణాల గంటకన్నా ఎక్కువ మందిని బతికిస్తుందని నా మూర్ఖపు నమ్మకం.

కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ ఉంది. వారానికి ఒక్కసారి వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదకి వస్తుంది. కవరు మీద పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు పెట్టే అలవాటున్న చెయ్యి దాని మీద కూడా అలవాటుగా గీత పెట్టేస్తుంది. ‘వారానికొకటి’ అని రాసినా కొందరికి తలకెక్కదు. ‘ఆదివారం మాత్రమే’ అని రోజు పేరు పెట్టి రాయాలి. ఇది ఏ కాలేజీ లెక్చరర్ చెప్పినా వింటాం. తెలుగులో చెబితే ఇంకా బాగా వింటాం.

దాళ్వా నాట్లు మొదలైతే నడుం నొప్పుల సీజన్. “అండీ, ఓ సెట్టు కట్టండి” అంటారు. సెట్టంటే నొప్పి బిళ్ల, గ్యాస్ బిళ్ల, ఇంకో చిన్న తెల్ల బిళ్ల. ఆ తెల్ల బిళ్ల చాలాచోట్ల స్టెరాయిడ్. మర్నాటికి నడుం తేలికైపోతుంది, ఆ షాపువాడి చేతి చలవ అంటారు. కొన్నాళ్లకి మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, నొప్పి బిళ్లల వల్ల కిడ్నీలు అరుగుతాయి. ఇచ్చినవాడికి తెలీదు, మింగినవాళ్లకి అసలే తెలీదు. మేం ఇవ్వం అంటే, ఎదురు షాపులో ఇస్తారు. ఈ ‘ఎదురు షాపు’ అనే పాఠ్యాంశం మీ సిలబస్‌లో ఎందుకు లేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా వృత్తిలో సగం నీతి అక్కడే తేలిపోతుంది.

రొయ్యల చెరువుల వాళ్లు వేరే. “డాక్సీ డబ్బాలు ఎన్నున్నాయండి?” అని టోకుగా అడుగుతారు. డాక్సీ అంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. ఎవరికి జ్వరం అని అడిగితే, “ఆయ్, చెరువుకండి” అంటారు మర్యాదగా. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్స్ ఆక్వాలో నిషేధం. అవశేషాలు దొరికాయని విదేశాలు మన రొయ్యల కంటైనర్లు వెనక్కి పంపిన కథ భీమవరం నుంచి ఇక్కడి దాకా అందరికీ తెలుసు. కానీ అదే యాంటీబయాటిక్‌కి లొంగని క్రిములు చెరువు నీళ్లలోంచి కాలవలోకి, కాలవలోంచి మనిషిలోకి వస్తాయన్న ముక్క ఆ రైతుతో ఎవరు అనాలి? షెడ్యూల్ హెచ్1 మందులకి, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని కొన్ని యాంటీబయాటిక్స్ లాంటివాటికి, రిజిస్టరు 2014 మార్చి నుంచి తప్పనిసరి. మూడేళ్లు దాచాలి. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది రాయాలి. చాలా రిజిస్టర్లు చూడముచ్చటగా ఉంటాయి. ఏడాది పొడుగునా ఒకే పెన్ను, ఒకే ఇంకు, ఒకే చేతిరాత. తనిఖీ ముందు రాత్రి ఎంత శ్రమపడితే అంత అందం వస్తుందో వేరే చెప్పాలా?

స్ట్రిప్‌లోంచి నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే, గడువు తేదీ ఉన్న ముక్క మా దగ్గర, మందు వాళ్ల దగ్గర మిగులుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్లలో, పెద్దదైతే లీటరులో, ఒక్కసారే కలపాలి. మా ఊళ్లో గ్లాసుకి అరచెంచా వేసి నిమ్మకాయ పిండుతారు. ఇవి చిన్న విషయాలు. మీ వేదిక ఎత్తుకి ఆనవు.

పెద్ద విషయాలైనా మీ ద్వారా వచ్చాయా అంటే అదీ లేదు. 2016 మార్చిలో కేంద్రం 344 రకాల మిశ్రమ మందుల్ని ఒక్కసారిగా నిషేధించింది. 2024 ఆగస్టులో ఇంకో 156. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద రాయాలంటూ 2023 డిసెంబరులో ఆదేశం వచ్చింది. మందు వికటిస్తే చెప్పడానికి 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఉంది, 1800-180-3024 అని టోల్ ఫ్రీ నంబరు కూడా ఉంది. నిషేధాల కబురు మాకు డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు చెప్పాడు, ‘ఆ స్టాకు పక్కన పెట్టండి, రిటర్న్ తీసుకుంటాం’ అని. ఏ మందు, ఎందుకు అంటే అతనికీ తెలీదు, బిల్లు నంబరు తెలుసు. టోల్ ఫ్రీ నంబరు మాత్రం మీ హాల్లో వినపడలేదు. భోజనం కూపన్ వెనక కేటరింగ్ వాళ్ల నంబరు ఉంది, జాగ్రత్తగా దాచుకున్నాను. మా చెల్లెలి కూతురి పెళ్లి దగ్గర పడింది.

మిమ్మల్ని రద్దు చేయమని అడగడం లేదండి. అలా అంటే పూతరేకులకి ద్రోహం చేసినట్టే. నా మనవి వేరు. మీరే ఒకసారి మా దగ్గరికి రండి. కల్యాణమండపం అక్కర్లేదు, షాపు వెనక గోడౌనులో నాలుగు స్టూళ్లున్నాయి. రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించాక, చుట్టుపక్కల షాపుల ఫార్మసిస్టులూ, వాళ్ల కౌంటరు కుర్రాళ్లూ వస్తారు. ఎదురు షాపు ఆయన్ని కూడా పిలుస్తాను, వస్తే ఆయన ధైర్యం. నెలకోసారి ఒక గంట. ఒక్కో నెల ఒక్కో మందు. ఈ నెలలో ఏం నిషేధించారు, ఏ కవరు మీద ఏం రాయాలి, ‘సెట్టు’ అడిగినప్పుడు కస్టమరు పోకుండా, మనిషీ పోకుండా ఏం చెప్పాలి. ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో ముందు మాకే చేసి చూపించండి. మాలో చాలామంది దాన్ని డబ్బాలో తప్ప బయట చూడలేదు.

నిబంధనలు కొన్ని. ఇంగ్లీషు స్లైడులు వద్దు. జ్యోతి ప్రజ్వలన వద్దు, పక్కనే స్పిరిట్ క్యాన్లు ఉంటాయి. శాలువా కప్పలేం, ఉక్కపోతకి మీరే తీసేస్తారు. టీ, ఉస్మానియా బిస్కెట్లు మా తరఫున.

హాజరు పట్టీ మా కుర్రాడి దగ్గర ఉంటుంది. మీరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్లారు అన్నది వాడు రాసుకుంటాడు. మీ సర్టిఫికెట్ కూడా వాడే ఇస్తాడు, ఆఖరి కస్టమరు వెళ్లాకే.

ఇట్లు,
తమ విధేయుడు,
కౌంటరు అవతలి ఫార్మసిస్టు

తా.క.: మీరిచ్చిన సంచీ జిప్పు రావులపాలెం చేరేలోపే ఊడిపోయింది. సర్టిఫికెట్ లామినేషన్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వానొచ్చినా, వరదొచ్చినా ఇంకో ఐదేళ్లు చెక్కుచెదరదు.