బ్లాస్టింగ్ క్యాబినెట్ గారి దగ్గు గురించి

మహారాజశ్రీ శాండ్ బ్లాస్టింగ్ క్యాబినెట్ గారి దివ్యసముఖమునకు,

నిన్న మధ్యాహ్నమంతా మోచేతుల దాకా మీలో చేతులు దూర్చి నిలబడ్డ మనిషి చేసుకునే విన్నపం. మూసిన పెట్టెలో గరుకు పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి తుప్పు రాల్చడం తమరి వృత్తి. నేను తెచ్చింది తుప్పు పట్టిన బైకు ఫుట్‌రెస్ట్ బ్రాకెట్ ఒకటి. అరచేతి పొడవుంటుంది, అంతే. వైర్ బ్రష్ పట్టుకుని కూర్చున్నా సాయంత్రానికి తెమిలేది. మిమ్మల్ని నమ్ముకున్నాను కాబట్టి దీపాలు పెట్టే వేళకి కూడా తుప్పు ఎక్కడిదక్కడే ఉంది.

మీ అట్టపెట్టె మీద 'ఏ కంప్రెసర్‌తోనైనా పనిచేస్తుంది' అని రాసుంది. అబద్ధమనను. పనిచేశారు, ఇరవై సెకన్లు. ఆ తర్వాత మీటరు ముల్లు జారడం మొదలుపెట్టి మళ్లీ లేవలేదు. మీ గన్‌లో గాలి దూసుకొచ్చే కన్నం, అదే ఎయిర్ జెట్, 3 మి.మీ. 80 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర అది 15 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 15 ఘనపుటడుగుల పైనే గాలి మింగుతుంది. నా 2 హార్స్‌పవర్ కంప్రెసర్ తన్నుకుని తన్నుకుని ఇచ్చేది మహా అయితే 7. మేకకు మేత వేసే ఇంటికి ఏనుగును తోలారు. 2 మి.మీ. జెట్టు, గాలీ పొడీ కలిసి బయటికొచ్చే చోట దానికి రెట్టింపు బోరున్న నాజిల్ వేసి పంపితే గాలి ఖర్చు సగానికి పైగా తగ్గేది. పోనీండి, అవి విడిగా దొరుకుతాయి, తెచ్చుకున్నాను, బిగించాను. అది మరిచిపోయాను.

మరిచిపోలేనిది మీ దగ్గు.

పెడల్ తొక్కగానే రెండు సెకన్లు ధార చక్కగా వస్తుంది. తర్వాత ఖళ్ళు. గుప్పెడు గార్నెట్ పొడి ఉమ్మేసి, ఉత్త గాలి ఊదుతారు. మళ్లీ ఖళ్ళు ఖళ్ళు. గరాటులో పొడి అయిపోయిందేమోనని జాలీ ఎత్తి చూస్తే నిండుగా ఉంది. గన్‌కు పొడి పీల్చే ట్యూబు చుట్టూ మాత్రం గిన్నెంత గుంట. పక్కన ఒకటి గుద్దితే గుంట కూలి ఇంకో రెండు సెకన్లు నడుస్తారు. అలా ఒక కాలు పెడల్ మీద, రెండో మోకాలు మీ పొట్ట మీద పెట్టుకుని గంటసేపు కొంగలా నిలబడ్డాను.

తడి అయ్యుంటుందనుకున్నాను. కంప్రెసర్‌ను ఆనించి తడి పట్టే ఫిల్టర్ బిగిస్తే గాలి ఇంకా వేడిగానే ఉంటుంది, ఆవిరి దాన్ని దాటిపోయి మీ దగ్గరికొచ్చి నీరవుతుంది. కాబట్టి ఫిల్టర్‌ను విప్పి గొట్టం ఈ చివరకి మార్చాను. పొడినంతా ట్రేలో పోసి ఆరబెట్టాను, జల్లెడ పట్టాను. జల్లెడలో పెయింటు పెచ్చులు, పోయిన నెల పోయిందనుకున్న వాషరు దొరికాయి. పొడి పిండిలా జారుతోంది. తిరిగి నింపి, భక్తిగా పెడల్ తొక్కాను.

ఖళ్ళు.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఒరేయ్, నీకేం రోగం? ట్యూబును పొడిలోంచి బయటికి లాగి చివర బొటనవేలు పెడితే జలగలా పీలుస్తున్నావు. మళ్లీ పొడిలో పెడితే దగ్గుతున్నావు. అప్పుడు వెలిగింది నాకు. బియ్యం డబ్బాలో స్ట్రా నిలువునా గుచ్చి పీల్చితే గింజ పైకొస్తుందా? గింజతో పాటు కాస్త గాలి కూడా లోపలికి పోవాలి. నీ ట్యూబుకు ఆ దారే లేదు. పొడి మట్టానికి పైన దానికి 3 మి.మీ. రంధ్రం ఒకటి వేశాను. అది కాస్త ఎక్కువై పీల్పు తగ్గితే సగం టేపు అంటించాను. దగ్గు పోయింది. మొత్తం అర నిమిషం పని. ఇంత రేకు వంచినవాళ్లు, ఇన్ని బోల్టులు బిగించినవాళ్లు, ఆ ఒక్క బెజ్జం వేసి పంపడానికి మీ ఫ్యాక్టరీలో డ్రిల్ లేదా? నా మధ్యాహ్నం ఎవడిస్తాడు?

నీ మిగతా ఘనకార్యాలు కూడా ఉన్నాయి. దుమ్ము లాగడానికి వాక్యూమ్ పెడితే లోపలికి గాలి వచ్చే దారి లేక, చేతొడుగులు రెండూ ఉబ్బి లోపల చేతులు చాచి నిలబడతాయి, ఎవరో బిచ్చమడుగుతున్నట్టు. దానికీ నేనే ఎదురు గోడకు కన్నం వేశాను. నీ అద్దం వారం తిరగకుండానే శుక్లాలొచ్చిన కన్నయింది. పైగా పేరులో ఆ శాండ్ ఒకటి. పేరు చూసి మామూలు ఇసుక పోసేవాళ్లున్నారు. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులు తినేస్తుందని బ్రిటన్ 1949 నాటి నిబంధనల్లోనే ఫ్యాక్టరీల్లో ఇసుకతో బ్లాస్టింగ్ వద్దంది. నువ్వింకా ఆ పేరు మార్చుకోలేదు.

రాత్రి తొమ్మిదికి బ్రాకెట్ మళ్లీ లోపల పెట్టాను. గన్‌ను కాస్త ఏటవాలుగా, జానెడు దూరంలో పట్టాను. తుప్పు ఒక అంచు నుంచి చెరిగిపోతూ వచ్చింది. వెల్డింగ్ మూలలో, ఏ బ్రష్షూ దూరని చోట కూడా, కింద నుంచి మంచు పట్టినట్టు బూడిదరంగు ఇనుము తేలింది. నాలుగు నిమిషాలు. ఒక్కసారీ దగ్గలేదు నువ్వు. బ్రాకెట్ అయిపోయాక తుప్పు స్పానర్ ఒకటి పెట్టాను, తర్వాత పాత తాళం. శుభ్రంగా ఉన్న తలుపు బందు ఊడదీయబోతుంటే ఇంట్లోవాళ్లు వచ్చి కంప్రెసర్ ప్లగ్గు పీకేశారు.

ఇట్లు,
చెవుల్లోంచి ఇంకా గార్నెట్ దులుపుకుంటున్న
నీ యజమాని