వేసవి లెక్క ఆగస్టు నుంచి మొదలుపెట్టాలి

అమెరికాలో ఎమ్మెస్ చదివే మన పిల్లలకి డబ్బు విషయంలో ఏడాది మొత్తంలో గడ్డు నెల ఆగస్టు. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టరు ఫీజు మొదటి వాయిదా, హెల్త్ ఇన్సూరెన్సు, కొత్త లీజు డిపాజిట్ అన్నీ రెండు మూడు వారాల్లోనే వచ్చి మీద పడతాయి. అసిస్టెంట్‌షిప్‌లు (యూనివర్సిటీలో బోధనకో పరిశోధనకో సాయపడే ఉద్యోగాలు) చాలావరకు తొమ్మిది నెలల ఒప్పందాలు. మే నెలలో చివరి జీతం పడితే మళ్ళీ సెప్టెంబరు దాకా ఏమీ రాదు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా వేసవి బడ్జెట్ వేసేటప్పుడు "జూన్‌లో ఎంత వస్తుంది, ఎంత ఖర్చు పెట్టుకోవచ్చు" అని ముందుకి లెక్క వేస్తారు. ఆగస్టు 31న చేతిలో ఎంత ఉండాలో ముందు రాసుకుని, అక్కడి నుంచి మే నెల దాకా వెనక్కి రావాలని మేం గట్టిగా చెబుతాం. గ్యాస్ స్టేషన్‌లో నగదు పనికి (అనుమతి లేకుండా చేసి చేతికి డబ్బు తీసుకునే పనికి) వెళ్ళేదాకా వచ్చిన పిల్లల్లో చాలామందికి కారణం దుబారా కాదు. ఈ లెక్క మే నెలలో వేసుకోకపోవడమే.

ఉదాహరణకి డాలస్ శివార్లలో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఉంటున్నారనుకుందాం. అద్దె వాటా 400 డాలర్లు, కరెంటు, ఇంటర్నెట్ 50, సరుకులు 170, ఫోన్ 20, బస్సు, ఊబర్ లాంటివి 60. నెలకి 700. జూన్, జూలై, ఆగస్టు కలిపి 2,100. దీనిమీద ఆగస్టు బిల్లులు: ట్యూషన్ మొదటి వాయిదా 3,000, ఇన్సూరెన్సు 1,200, కొత్త లీజు డిపాజిట్ 400, పుస్తకాలు, లాప్‌టాప్ రిపేరు వగైరా 400. అది ఇంకో 5,000. మొత్తం 7,100 డాలర్లు. క్యాంపస్‌లో గంటకి 12 డాలర్ల పని దొరికి, వారానికి 40 గంటల చొప్పున 12 వారాలు చేసినా వచ్చేది 5,760. అదీ టాక్సు పట్టుకోకముందు. ఒక్కరోజు సెలవు పెట్టకపోయినా 1,340 డాలర్లు తక్కువ. మీ ఊళ్ళో, మీ యూనివర్సిటీలో అంకెలు వేరుగా ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఆ 1,340 లోటు మే నెలలోనే కనిపిస్తే దారులున్నాయి. ట్యూషన్‌ని నాలుగైదు వాయిదాలు చేసుకునే పేమెంట్ ప్లాన్ చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది. చేరడానికి కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. అయితే దానికి గడువు ఉంటుంది, అది దాటితే చేర్చుకోరు. స్టూడెంట్ అకౌంట్స్ ఆఫీసులో స్వల్పకాలిక ఎమర్జెన్సీ లోన్ కూడా అడగొచ్చు, కొన్నిచోట్ల వడ్డీ లేకుండానే ఇస్తారు. వాయిదా కట్టేటప్పుడు క్రెడిట్ కార్డు వాడితే సుమారు 3 శాతం అదనంగా వేస్తారు. 3,000కి అది 90 డాలర్లు. బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చి ఈ-చెక్‌గా కడితే సాధారణంగా ఏమీ పడదు. కానీ నంబరులో ఒక్క అంకె తప్పినా పేమెంటు వెనక్కి వస్తుంది, రిటర్న్ ఫీజు వేస్తారు. ఈలోగా గడువు కూడా దాటిపోతుంది.

గడువు దాటడాన్ని ఏదో లేట్ ఫీజుతో పోతుందని తేలిగ్గా తీసుకోకూడదు. ఫీజు కట్టకపోతే కొన్ని యూనివర్సిటీలు క్లాసుల్లోంచి పేరు తీసేస్తాయి. గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఫుల్‌టైమ్ అంటే సాధారణంగా 9 క్రెడిట్లు. అవి తగ్గాయంటే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్‌కే ముప్పు. డబ్బు చేతికొచ్చాక మళ్ళీ చేరదామనుకుంటే ఆ క్లాసులో సీట్లుండవు. ఆన్‌లైన్ క్లాసులతో సర్దుకుందామంటే ఫుల్‌టైమ్ లెక్కలోకి వచ్చేది ఒక్క ఆన్‌లైన్ కోర్సు, మూడు క్రెడిట్లు, అంతే.

బ్యాంకు లోన్ మీద చదివేవాళ్ళు ఫాల్ వాయిదా విడుదల గురించి జూన్ చివరి నుంచే అడగడం మొదలుపెట్టాలి. బ్రాంచిలో స్ప్రింగ్ (అంతకుముందు సెమిస్టరు) మార్కుల ట్రాన్స్‌క్రిప్టు, ఫాల్ ఫీజు ఇన్‌వాయిస్ అడుగుతారు. డబ్బు పంపడానికి ఏ2 ఫారం కావాలి. అక్కడ నాన్నగారో అమ్మగారో సహ రుణగ్రహీతగా బ్రాంచికి వెళ్ళాల్సి రావచ్చు. ఇన్‌వాయిస్ సాధారణంగా జూలైలో గానీ రాదు కాబట్టి, మిగతా కాయితాలన్నీ అప్పటికే బ్రాంచిలో ఉండాలి. ఆగస్టు రెండో వారంలో మొదలుపెడితే పంద్రాగస్టు సెలవు, ఆ పక్కనే వచ్చే శని ఆదివారాలు కూడా కలిసొచ్చి వారం గడిచిపోతుంది.

ఇక రాబడి. ఫాల్‌లో చదువు కొనసాగించబోయే విద్యార్థి వేసవి సెలవుల్లో క్యాంపస్‌లో వారానికి 40 గంటల దాకా పనిచేయొచ్చు. సెమిస్టరు నడుస్తున్నప్పుడు 20 మాత్రమే, రెండు చోట్ల చేస్తుంటే రెండూ కలిపి 20. ఫాల్ మొదలయ్యే వారంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. సూపర్‌వైజరు పాత షెడ్యూలు మార్చడు, వీళ్ళు అడగరు, గంటలు 32కి పోతాయి. టైమ్‌షీట్‌లో అది శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంకో విషయం, జీతం పనిలో చేరిన వెంటనే పడదు. రెండు వారాలకోసారి జీతమిచ్చే చోట కూడా మే మూడో వారంలో చేరితే మొదటి జీతం జూన్ మధ్యలో వస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళకి ఇంకా ఆలస్యం. అందుకని జూన్ అద్దె మే నెలలోనే పక్కన ఉండాలి.

ఇంటర్న్‌షిప్ దొరికితే పరిస్థితి బాగా మెరుగవుతుంది. గంటకి 30 డాలర్ల చొప్పున 12 వారాలంటే 14,400. కానీ ఆఫర్ చూడగానే ఆ అంకెని బడ్జెట్‌లో రాసేయకండి. సీపీటీ (చదువు పూర్తికాకముందే ఇంటర్న్‌షిప్ చేయడానికి ఇచ్చే అనుమతి) కోసం కొన్ని యూనివర్సిటీల్లో వేసవిలో ఒక క్రెడిట్, కొన్నిచోట్ల మూడు క్రెడిట్లు తీసుకోవాలి. ఆ ఫీజు మీ జేబులోంచే పోతుంది. ఉద్యోగం వేరే ఊళ్ళో అయితే రెండు అద్దెలు. కంపెనీ ఇచ్చే రిలొకేషన్ (ఊరు మారే ఖర్చుల) సొమ్ము మీద మామూలుగా 22 శాతం ఫెడరల్ టాక్సు పట్టుకుంటారు. 2,000 ఇస్తామన్నారంటే చేతికొచ్చేది 1,560 అనుకోండి, రాష్ట్ర టాక్సు ఉంటే ఇంకా తక్కువ. ఇంకొక మాట: పూర్తికాలపు సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీ మీద ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) పోతుంది. "ఫీజు కట్టు, ఇంటర్న్‌షిప్ లెటర్ ఇస్తాం" అనే కన్సల్టెన్సీల జోలికి అస్సలు పోవద్దు.

మొదటి పే స్టబ్ (జీతం చీటీ) రాగానే కూర్చుని ప్రతి వరుసా చదవాలి. సోషల్ సెక్యూరిటీ అనీ (కొన్నిటిలో ఓఏఎస్‌డీఐ అని ఉంటుంది), మెడికేర్ అనీ రెండు వరుసలు ఉంటాయి. ఒకటి 6.2 శాతం, రెండోది 1.45 శాతం. ఎఫ్-1 మీద వచ్చి టాక్సు లెక్కల్లో నాన్‌రెసిడెంట్‌గా ఉన్న విద్యార్థి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ రెండూ కట్టనక్కర్లేదు. డిసెంబరు చివర్లో దిగినా ఆ ఏడాది ఒక సంవత్సరం కిందే లెక్క. ఆ రెండు గళ్ళలో సున్నా ఉండాలి. చాలాసార్లు ఉండదు, ఎందుకంటే పేరోల్ (జీతాల విభాగం) వాళ్ళకి మీ వీసా సంగతి ఎవరూ చెప్పి ఉండరు. 14,400 మీద 7.65 శాతమంటే దాదాపు 1,102 డాలర్లు. పైన చెప్పుకున్న లోటు దాదాపుగా ఇక్కడే ఉంది! వెంటనే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) జతచేసి పేరోల్‌కి మెయిల్ పెట్టండి. ఆ ఏడాదిలోపే అయితే వాళ్ళే సరిచేసి తర్వాతి జీతంతో వెనక్కి ఇవ్వగలరు. కంపెనీ కాదంటే 843 ఫారం, దాంతోపాటు 8316 ఫారం నింపి, డబ్బు వాపసు కోరుతూ ఐఆర్ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) పంపాలి. దానికి నెలల తరబడి ఎదురుచూడాలి.

ఫెడరల్ ఆదాయపు పన్ను సంగతి వేరు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులు 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల పన్ను రిటర్న్ ఫారం) మీద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చు. చాలా దేశాల విద్యార్థులకి ఈ వెసులుబాటు లేదు. 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. ఏడాది మొత్తం సంపాదన అంతకు మించకపోతే, పట్టుకున్న ఫెడరల్ టాక్సు తిరిగొస్తుంది. అయితే అది వచ్చేది మరుసటి ఏడాది రిటర్న్ వేశాకే. ఆగస్టు లెక్కలో దాన్ని వేసుకోకూడదు. రిటర్న్ వేసేటప్పుడు రెసిడెంట్లు వాడే మామూలు 1040తో వేస్తే తప్పు, ఉచితమని కనిపించిన ప్రతి సాఫ్ట్‌వేరూ 1040-ఎన్ఆర్ చేయదు. అసలు సంపాదనే లేని ఏడాది కూడా 8843 ఫారం (అమెరికాలో ఎన్ని రోజులున్నారో చెప్పే నాన్‌రెసిడెంట్ విద్యార్థుల ఫారం) పంపాలి.

అద్దె విషయంలో పోయే డబ్బు గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. ఇంటర్న్‌షిప్‌కో, ఇండియాకో వెళ్తూ గదిని "వేసవికి ఎవరికైనా ఇచ్చేద్దాం" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. రీలెట్ అంటే లీజు కొత్త వ్యక్తి పేరు మీదకి మారిపోతుంది. రుసుము పడుతుంది గానీ బాధ్యత తీరుతుంది. సబ్‌లీజు అంటే వచ్చినవాడు మీకు కడతాడు, అపార్ట్‌మెంటుకి మాత్రం మీరే బాకీ. వాడు జూలైలో కట్టడం మానేస్తే నోటీసు మీ పేరు మీద వస్తుంది, తర్వాత కలెక్షన్‌కి (బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి) పోతుంది, క్రెడిట్ హిస్టరీ మీది పాడవుతుంది. కాబట్టి లీజింగ్ ఆఫీసు అనుమతి రాతలో తీసుకోండి. మూడు నెలల అద్దె కాకపోయినా కనీసం మొదటి నెలా, చివరి నెలా ముందే తీసుకోండి. తాళం ఇచ్చేరోజు కార్పెట్, స్టవ్ బర్నర్లు, బాత్‌టబ్ అంచులు, ఫ్రిజ్ లోపల తేదీతో ఫోటోలు తీయండి. అవతలి ఊళ్ళో గది వెతుక్కునేవాళ్ళయితే, ఎవరో ఒకరు లైవ్ వీడియోలో గది చూపించి, లీజు మీద పేరు చూపించేదాకా జెల్ (బ్యాంకు ఖాతా నుంచి వెంటనే డబ్బు పంపే పద్ధతి) చేయకండి. జెల్ చేసిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. టెక్సస్‌లో ఇల్లు ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. కాకపోతే కొత్త అడ్రసు రాతలో ఇచ్చిన తర్వాతే ఆ బాధ్యత ఓనరు మీద పడుతుంది. ఆ ఒక్క మెయిలు పెట్టక డిపాజిట్ వదులుకున్నవాళ్ళు ఎంతోమంది.

ఇంటికి డబ్బు పంపడం గురించి ఒక మాట తల్లిదండ్రులకి. "ఇంటర్న్‌షిప్ వచ్చిందటగా, నెలకి ఎంత పంపిస్తున్నాడు?" అని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. జూన్ జీతం జూన్‌లోనే ఇంటికి వచ్చేస్తే, ఆగస్టులో మళ్ళీ మీరే పంపాలి. డాలరు రూపాయై, రూపాయి డాలరై, రెండుసార్లూ మారకంలో కోత పడుతుంది. 30 లక్షల రుణం 11 శాతం మీద ఉంటే నెలకి వడ్డీ 27,500 రూపాయలు. ఆ భారం మీరు మోస్తున్నట్టయితే పిల్లలకి అంకెతో సహా చెప్పండి. దాచిపెట్టడం వల్ల వాళ్ళకి మేలేమీ జరగదు. అయితే వరస ఇలా ఉండాలి: ముందు 20 శాతం పైన వడ్డీ లాగే క్రెడిట్ కార్డు బాకీ, తర్వాత ఆగస్టు బిల్లులు, ఆ తర్వాతే లోన్ వడ్డీ. పంపేటప్పుడు బ్యాంకు ఖాతా నుంచి పంపండి. 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి పంపేవాటి మీద 1 శాతం పన్ను ఉంది, ఖాతా నుంచి వెళ్ళేవాటి మీద లేదు.

నగదు పని విషయం నేరుగానే చెప్పాలి. అనుమతి లేని పని చేసిన విద్యార్థికి స్టేటస్ పునరుద్ధరణ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే దానికి ఉన్న షరతుల్లో ఒకటి అనుమతి లేని పని చేసి ఉండకపోవడం. స్నేహితుడి పేరు మీద డెలివరీ యాప్ నడపడమూ అదే కోవలోకి వస్తుంది. ఇంట్లో ఊహించని ఆర్థిక ఇబ్బంది వస్తే, ఉదాహరణకి తండ్రి ఉద్యోగం పోతే, ఏడాది చదువు పూర్తయిన ఎఫ్-1 విద్యార్థి బయట పనిచేయడానికి అనుమతి అడిగే దారి చట్టంలోనే ఉంది. డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) సిఫారసుతో ఐ-765 దరఖాస్తు వేయాలి, పరిస్థితిని రుజువు చేసే కాయితాలు పెట్టాలి. జవాబుకి నెలలు పట్టొచ్చు కాబట్టి, ఇబ్బంది తెలిసిన రోజే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళాలి. చాలామంది పిల్లలకి ఈ దారి ఉందనే తెలియదు.

వాళ్ళకి నగదు పని ఇచ్చేది ఎక్కువగా మన దుకాణాలూ, మన రెస్టారెంట్లూ, మన మోటెళ్ళే. సాయం చేస్తున్నామనే అనుకుంటారు. గంటకి 8 డాలర్లిచ్చి ఒక పిల్లవాడి భవిష్యత్తుని పణంగా పెట్టడం సాయం కాదు. సాయం చేయాలనుంటే ఆస్టిన్‌లోనో, సియాటెల్‌లోనో మీ ఇంట్లో ఖాళీగా ఉన్న గదిని మే 20 నుంచి ఆగస్టు 15 దాకా ఒక ఇంటర్న్‌కి న్యాయమైన అద్దెకి, రెండు పేజీల ఒప్పందం రాసుకుని ఇవ్వండి. మన తెలుగు సంఘాలు ఏటా విద్యార్థుల కోసం కేటాయించే సొమ్ములో కొంత తీసి, 1,000 డాలర్ల దాకా వడ్డీ లేని చేబదులుగా ఆగస్టు మొదటి వారంలో ఇవ్వాలి. డబ్బు నేరుగా యూనివర్సిటీ ఖాతాకే వెళ్ళాలి, డిసెంబరులోగా నాలుగు వాయిదాల్లో తిరిగి రావాలి. దరఖాస్తులు జూన్‌లో పిలవాలి. దానితోపాటు అడగాల్సిన కాయితాలు మూడే: ఐ-20, ఫాల్ ఇన్‌వాయిస్ లేదా దాని అంచనా, ఆగస్టు 31 నుంచి వెనక్కి వేసిన బడ్జెట్.