గంట కొట్టే గడ్డం తాతగారి మీద ఒక ఫిర్యాదు

గడ్డం తాతగారికి,
సంగీత గడియారం పై అంతస్తు,
సాలార్‌జంగ్ మ్యూజియం, హైదరాబాద్.

నమస్కారాలండి.

గంటగంటకీ గడియారంలోంచి బయటికొచ్చి గంట కొట్టే బొమ్మ మీరు. నేను మీకు గుర్తుండను లెండి. మొన్న శనివారం మధ్యాహ్నం మీ ముందు కూర్చున్న జనంలో, ఆఖరి వరసలో, పక్కవాడి భుజం మీద నుంచి మెడ చాచి చూసినవాణ్ణి. తిన్నగా విషయానికొస్తాను. మా ఆరుగురి టూరు చెడగొట్టింది మీరే.

ముందు మా సంగతి చెప్పాలి. భీమవరంలో కలిసి చదువుకున్నవాళ్లం. నేను పన్నెండేళ్లుగా మియాపూర్‌లో ఉంటున్నాను. హైదరాబాద్‌లో ఉండేవాడు చార్మినార్ చూసేది ఊరి నుంచి ఎవరైనా దిగినప్పుడే కదా. ఈ పన్నెండేళ్లలో నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ఇంకొకళ్ల ఫొటోలు తీస్తూనే. ఈసారి స్నేహితులు అయిదుగురు దిగారు. మాలో ఒకడికి ప్లానింగ్ కమిషన్ అని పేరు. నెల ముందే ఎక్సెల్ షీట్ పంపాడు, గడికో రంగు వేసి. మొదట శుక్రవారం అనుకున్నాడు. శుక్రవారం మ్యూజియానికి సెలవని నేను చెబితే షీటు మొత్తాన్ని శనివారానికి జరిపాడు. ఎక్సెల్లో జరపడం తేలికే. మనుషుల్ని జరపడంలోనే ఉంది తంటా.

షీటు ప్రకారం ఎనిమిదింటికి మెట్రో, తొమ్మిదింటికి చార్మినార్, పదకొండుకి మీరు, ఒంటిగంటకి బిర్యానీ, మూడింటికి గోల్కొండ, ఆరింటికి ట్యాంక్‌బండ్. షీట్లో లేనిది ఒక్కటే, మా ఇంట్లో పనిచేసే గీజరు ఒకటని. ఎనిమిదింటికి ఇద్దరం తయారయ్యాం. ఒకడు నిద్రలేచాడు. ఇంకొకడు బాత్రూం తలుపు వెనక నుంచి "ఐదు నిమిషాలు!" అని అరిచాడు. కాలేజీ రోజుల నుంచీ వాడి పేరే అది. ఫోన్లో నంబరు కూడా ఐదు నిమిషాలు అనే సేవ్ చేసుకున్నాను.

మీకు ఇక్కడ చిన్న వివరణ ఇవ్వాలి. మీ దగ్గర ఐదు నిమిషాలంటే లెక్క తేలిపోతుంది. మీ పక్కన కమ్మరి బొమ్మ ఉన్నాడు కదా, సెకనుకో దెబ్బ వేస్తూ. ఐదు నిమిషాలంటే అతని సుత్తి మూడొందల దెబ్బలు, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. మా దగ్గర ఐదు నిమిషాలంటే కాలం కాదండి, మర్యాద. "ఇంకో గంటన్నర పడుతుంది, మీ ఇష్టం" అని ఎదుటివాడి మొహం మీద అనలేక అనే మాట. విన్నవాడికీ తెలుసు, అన్నవాడికీ తెలుసు. పెళ్లి శుభలేఖ మీద ముహూర్తం నిమిషాలతో సహా వేయించి, భోజనాల టైముకి వెళ్లే జాతి మాది.

మెట్రో ఎక్కేసరికి తొమ్మిదీ నలభై. ఎంజీబీఎస్‌లో దిగి, రెండు ఆటోలు మాట్లాడుకుని, ఒకడు చార్జింగ్ కేబుల్ కొనుక్కుని, చార్మినార్ చేరేసరికి పదకొండు. అక్కడ మెట్లు ఎక్కుదామా వద్దా అని పావుగంట చర్చ. చర్చ ముగిసేసరికి ఎక్కే ఓపిక పోయింది. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన కట్టడం ముందు నిలబడి ఆరుగురం చేసిందేమిటంటే, జనం అడ్డం లేని ఫొటో కోసం కాపు కాయడం. చార్మినార్ ముందు జనం అడ్డం లేని క్షణమంటూ ఒకటి ఉంటుందని నమ్మినవాడు మా కెమెరా. చేతిలో ఎప్పుడూ ఫోనే, పేరు మాత్రం కెమెరా.

అన్నట్టు ఆ కట్టడానికి నాలుగు వైపులా నాలుగు గడియారాలున్నాయి, 1889లో పెట్టినవి. వాటి కిందే నిలబడి మా ప్లానింగ్ కమిషన్ "టైమెంతైందిరా?" అనడిగాడు. అందరం తలలు దించి ఫోన్లు చూశాం.

లాడ్‌బజార్‌లో లక్క గాజుల దగ్గర ఇంకో పాతిక నిమిషాలు పోయాయి. పెళ్లాం చేతి సైజు వీడియో కాల్లో కనుక్కుంటుంటే ఎవడైనా తొందర పెడతాడా చెప్పండి. చివరికి టికెట్లు తీసుకుని, బ్యాగులు అప్పజెప్పి, దారి చూపించే బాణం గుర్తుల వెంట పరుగెత్తి మీ హాల్లోకి అడుగు పెట్టేసరికి పన్నెండూ రెండు నిమిషాలు. మేం లోపలికి వెళుతుంటే జనమంతా బయటికొస్తున్నారు, సినిమా వదిలినట్టు. ఒక పెద్దాయన మా మొహాలు చూసి జాలిపడి, "పన్నెండు కొట్టాడు బాబూ. చాలా బాగా కొట్టాడు" అన్నారు.

ఇదీ నా ఫిర్యాదు. రెండంటే రెండు నిమిషాలు. ఊళ్లో ప్రతివాడూ ప్రతివాడి కోసం ఆగుతాడు. ఆటోవాడు మూడో మనిషి కోసం ఆగుతాడు, సభలో మైకు ముఖ్య అతిథి కోసం ఆగుతుంది, వంటవాడు దమ్ము కోసం ఆగుతాడు. మీరొక్కరే ఎవరి కోసమూ ఆగరు. కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ వాళ్లు మూడొందల యాభైకి పైగా భాగాలు కూర్చి ఈ గడియారం తయారు చేశారట. అన్ని భాగాలు పెట్టినవాళ్లు కాస్త సర్దుకుపోయే గుణానికి ఒక్క స్క్రూ పెట్టలేకపోయారా?

సరే, ఒంటిగంటకి చూద్దామన్నారు. ఆ గంటసేపు మ్యూజియం తిరిగాం. మేలిముసుగు రెబెక్కా అనే శిల్పం దగ్గర మాత్రం మా గోల కాసేపు ఆగింది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాయి. రాతిలోనే ముసుగు, ముసుగు వెనక మొహం. పలచటి గుడ్డ నీళ్లలో తడిసి ఒంటికి అంటుకున్నట్టుంటుంది. "ఇది రాయేనంటావా?" అని మావాడొకడు మెల్లగా అడిగాడు. వాడు మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. ఆ తర్వాత చెక్క బొమ్మ చూశాం. ముందు నుంచి మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక అద్దంలో చూస్తే తలవంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. ఒకే దుంగలో ఇద్దరు. మావాడూ అంతే. ముందు నుంచి "బయలుదేరిపోయాను మామా" అని ఫోన్లో గొంతు, వెనక అద్దంలో నోట్లో బ్రష్షు. ఐదు నిమిషాలు గాడు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు, ఎందుకో మరి.

పన్నెండూ నలభై అయిదుకే మీ ముందు కూర్చున్నాం. మా జీవితంలో మొదటిసారి ఒక చోటికి పావుగంట ముందు చేరాం. స్కూలు పిల్లలు, పెళ్లయిన కొత్త జంటలు, బురఖాల్లో ఆడవాళ్లు, తువ్వాలు భుజాన వేసుకున్న రైతులు, అందరూ పక్కపక్కనే. ఎవరూ ఎవర్నీ తోసుకోలేదు. ఐదు నిమిషాలుందనగా మావాడు లేచి, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా, బాత్రూంకి" అన్నాడు. మేం ఏమీ అనలేదు. విధి అనేదొకటుంటుంది కదండీ.

మీరొచ్చారు. చిన్న తలుపు తీసుకుని, గడ్డంతో, తొందర లేకుండా. "వచ్చాడు వచ్చాడు" అని పిల్లలు గుసగుసలాడారు. రెండొందల ఫోన్లు ఒక్కసారి పైకి లేచాయి. మీరు గంట ముందు నిలబడ్డారు. కెమెరా గాడు ఫోను అడ్డంగా తిప్పుదామని తిప్పుతున్నాడు. మీరు చెయ్యెత్తి కొట్టారు.

ఠంగ్.

అంతే. మేం రెండో దెబ్బ కోసం ఎదురు చూశాం. మీరు వెనక్కి తిరిగారు. అప్పుడు వెలిగింది మా ప్లానింగ్ కమిషన్‌కి, ఒంటిగంటకి ఒక్కటే కొడతారని. బీటెక్ చదివినవాళ్లం ఆరుగురం. పన్నెండు దెబ్బలు రెండు నిమిషాల్లో పోగొట్టుకుని, ఒక్క దెబ్బ కోసం గంట ఆగాం. మీరు లోపలికి వెళ్లి తలుపేసుకున్నాక ఐదు నిమిషాలు గాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మొదలైందా?" అన్నాడు.

ఆ రోజు మిగతాది ఎలా గడిచిందో మీరే ఊహించుకోండి. బిర్యానీ దగ్గర టోకెన్ తీసుకుని గంటంపావు నిలబడ్డాం. అక్కడ మాత్రం ఎవడూ విసుక్కోలేదు. గోల్కొండకి వెళ్లేసరికి నాలుగున్నర. కింద గుమ్మం దగ్గర గోపురం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని ఎవరో గైడు చెబుతుంటే విని, ఇద్దర్ని పైకి పంపాం. మూడొందల పైచిలుకు మెట్లు. వాళ్లు ఎక్కేదాకా ఆగి కింద చప్పట్లు కొట్టాం. కొట్టి, ఫోన్ చేసి "వినిపించిందా?" అనడిగాం. "ఏంటి? సరిగ్గా వినిపించట్లేదు, సిగ్నల్ లేదు" అన్నాడు పైనున్నవాడు. శత్రువు వస్తే నిమిషంలో కబురందేలా కుతుబ్‌షాహీలు కట్టించుకున్న ఏర్పాటు అది. రామదాసు పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకునే బందీఖానాలోకి మేం తొంగిచూసింది, గేటు మూసేస్తారన్న టెన్షన్‌లో, గట్టిగా రెండు నిమిషాలు.

ట్యాంక్‌బండ్ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. లుంబినీ పార్కు దాకా వెళ్లి పడవెక్కే ఓపిక ఎవరికీ లేదు. గట్టు మీద నిలబడి మొక్కజొన్న పొత్తులు తింటూ దూరం నుంచే బుద్ధుణ్ణి చూశాం. ఆయన కూడా ఆలస్యంగా నిలబడినవాడే. 1990లో తీసుకొస్తుండగా హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయి, 1992 డిసెంబరుకి గానీ ఇప్పుడున్న చోటికి చేరలేదు. ఆ ప్రమాదంలో మనుషులు పోయారు, కాబట్టి దాని మీద జోకెయ్యను. మావాడొకడు వెయ్యబోతే వాడి నోట్లో పొత్తు కుక్కాం.

రాత్రి ఊరి బండికి వాళ్లని దిగబెట్టడానికి స్టేషన్‌కి పరుగు. బండి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాం. లేదు, నలభై నిమిషాలు లేటట. ప్లాట్‌ఫాం మీద అయిదుగురూ ఆ మాట విని ఊపిరి పీల్చుకున్న తీరు చూడాలి మీరు, సొంత మేనమామ ఎదురైనట్టు.

మీ పేరు మీద నాకు మిగిలింది కెమెరా గాడు బండెక్కాక పంపిన వీడియో ఒక్కటే. పదకొండు సెకన్లు. అందులో మొదట ఒక బట్టతల, తర్వాత ఎవరిదో మోచెయ్యి, తర్వాత ఫోను తిప్పుతుంటే సీలింగు. మీరు ఎక్కడా లేరు. కానీ ఆఖర్న ఠంగ్ అని ఒక్కసారి, చాలా స్పష్టంగా వినిపిస్తుంది. అది కత్తిరించి అలారంగా పెట్టుకున్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఆరింటికి మా ఇంట్లో మీరే కొడుతున్నారు. కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి "ఐదు నిమిషాలు" అని నొక్కుతున్నాను. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ కొడుతున్నారు. ఫోన్లోకి వచ్చాక మీరూ కాస్త సర్దుకుపోతున్నారు, సంతోషం. సంక్రాంతికి మళ్లీ అందరం కలుస్తున్నాం. ఈసారి పన్నెండుకే వస్తాం. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే, పెద్దవారు, పదో దెబ్బ దగ్గర కాస్త దగ్గినట్టు ఆగండి.

ఇట్లు,
దారిలో ఉన్న
మీ విధేయుడు