రంగు కింద అంకె

ఫైండ్ ఎ గ్రేవ్ అనే వెబ్‌సైటులో సమాధుల వివరాలు ఎక్కించే వాలంటీర్ల గురించి మీ వ్యాసంలో బాగా రాశారండీ. 1995లో ప్రముఖుల సమాధుల కోసం మొదలైన సైటు ఇప్పుడు మామూలు కుటుంబాలకీ పనికొస్తోంది. కానీ "ఫోటో తీసి పేరు టైపు చేస్తే చాలు" అన్నారు చూడండి, అక్కడ నవ్వొచ్చింది.

మా గుంటూరు వైపు నవంబరు 2న సమాధుల పండుగకి రాళ్ళకి సున్నం వేసి, అక్షరాల మీద నల్లరంగు దిద్దిస్తారు. పెయింటర్ కుర్రాడికి చెక్కిన గాడి కనబడకపోతే తోచింది దిద్దేస్తాడు. అలా ఒకాయన చనిపోయిన ఏడాది 1931 అని ఎక్కించాను. ఆర్నెల్లకి కెనడా నుంచి ఆయన మునిమనవరాలి మెసేజ్: "ఆయన కొడుకు, అంటే మా తాతయ్య, పుట్టిందే 1934లో కదండీ!" నీరెండ వేళ వెళ్ళి పక్కనుంచి చూస్తే రంగు కింద 7 గాడి కనిపించింది. సిగ్గేసింది. సైటు నియమం ప్రకారం నాలుగు తరాల లోపు దగ్గరి బంధువులు అడిగితే ఆ సమాధి పేజీ నిర్వహణ వాళ్ళకి అప్పగించాలి. ఆవిడకి ఆరోజే ఇచ్చేశాను.

ఇంటిపేర్లది ఇంకో తలనొప్పి. రాయి మీద ముందుంటుంది, ఫారంలో చివర అడుగుతారు. ఆడవాళ్ళకైతే చాలాచోట్ల "ఫలానావారి భార్య" అనే ఉంటుంది, పుట్టింటి పేరు ఎక్కణ్ణుంచి తేవాలి?

కొత్తగా చేరేవాళ్ళు దయచేసి ఇనుప బ్రష్షుతో గీకకండి. నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. గీకితే పాత రాయి పొరలుగా లేచొచ్చేస్తుంది.