నూటపదహార్ల జ్ఞాపకశక్తి

మొన్న వేసవిలో ఒక బస్టాండులో నా ఫోనుకి ఛార్జింగ్ అయిపోయింది. సోడా కొట్టాయన జాలిపడి తన ఫోను చేతిలో పెట్టి, "ఇంటికి ఒక మాట చెప్పుకోండి సార్" అన్నాడు. దాని వంక చూస్తూ నిలబడిపోయాను. మా ఆవిడ నంబరు రాలేదు. అబ్బాయిదీ రాలేదు. అమ్మాయిది తొమ్మిదితో మొదలవుతుందని మాత్రం గుర్తుంది. చివరికి బుర్ర అడుగు నుంచి ఒకే ఒక్క నంబరు, అంకె కూడా చెదరకుండా పైకి తేలింది. 1989లో తెనాలిలో మా పక్కింటి వాళ్ల ల్యాండ్‌లైన్ అది. మాకు ఫోను వస్తే వాళ్లు మమ్మల్ని పిలిచే పీపీ నంబరు. ఇప్పుడా ఫోనూ లేదు, ఆ ఇల్లూ లేదు. "మా ఆవిడ ఎత్తడం లేదండీ" అని అబద్ధమాడి ఫోను తిరిగి ఇచ్చేశాను.

ఇది జాతీయ సమస్య అని అక్కడికక్కడే తేల్చుకున్నాను. నాకు వచ్చిన ఇబ్బందులన్నీ జాతీయ సమస్యలే.

ఇంటికొచ్చి చెబితే ఎవరి వైద్యం వాళ్లు మొదలుపెట్టారు. రాత్రి నానబెట్టిన బాదం పప్పులు పొద్దున్నే తినమంది మా ఆవిడ. సరస్వతీ ఆకు అంది ఆవిడ పిన్ని. చిన్నప్పుడు వసకొమ్ము అరగదీసి నాకించి ఉంటే ఈ గతి పట్టేది కాదన్నారు మా అత్తయ్యగారు. వస మాటలు రావడానికి కదండీ అన్నాను. అవి మాత్రం వచ్చాయా అన్నట్టు చూశారు. మా అబ్బాయి ఇదేమీ పట్టించుకోకుండా నా ఫోనులో ఒక యాప్ వేసిచ్చాడు. మెదడుకి జిమ్ముట.

నలభై రోజులు నిష్ఠగా కసరత్తు చేశాను. అయ్యప్ప దీక్ష కూడా అంత శ్రద్ధగా చేయలేదు. తెర మీద ఎగిరే పిట్టలు ఎన్నో చెప్పాలి, తిరగేసిన బొమ్మల్లో జత ఏదో పట్టుకోవాలి. నలభయ్యో రోజున రంగు కాగితాలు రాలుతుండగా, నా మెదడు వయసు 29 అని యాప్ ప్రకటించింది. ఈ శుభవార్త చెబుదామని వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎందుకొచ్చానో తెలియక చల్లగాలికి కాసేపు నిలబడి, ఒక దోసకాయ తీసుకుని బయటకొచ్చాను.

దీని మీద శాస్త్రజ్ఞులు ఎప్పుడో ఒక మాట చెప్పేశారు. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 11,430 మంది చేత ఆరు వారాల పాటు ఇలాంటి ఆటలే ఆడించారు. అందరూ ఆ ఆటల్లో బాగా ఆరితేరారు. వేరే పరీక్ష పెడితే ఎక్కడి గొంగళి అక్కడే. అమెరికాలో లూమోసిటీ అనే యాప్ వాళ్లు ప్రకటనల్లో లేనిపోని ఆశలు పెట్టారని అక్కడి ప్రభుత్వ సంస్థ పట్టుకుంటే, 2016లో 20 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డారు. నాది ఆ యాప్ కాదు. నేను ఎవరి మీదా కేసు పెట్టను కూడా. ఎగిరే పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగం ఎక్కడైనా పడితే మాత్రం నాకు తెలియజేయగలరు.

ఇంతకన్నా విచిత్రం 1980లో అచ్చయిన ఒక ప్రయోగం. అమెరికాలో ఒక కాలేజీ కుర్రాడికి వరసగా అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పమన్నారు. మొదట్లో అందరిలాగే ఏడు చెప్పాడు. ఏడాదిన్నర పైగా సాధన చేశాక 79 అంకెలు గడగడా అప్పజెప్పాడు. వాడు పరుగు పందేల కుర్రాడు, అంకెల్ని పందెం టైములుగా మార్చుకుని గుర్తుపెట్టుకునేవాడు. సరే, అంకెలు తీసేసి అక్షరాలు చెప్పమన్నారు. ఆరు దగ్గర ఆగిపోయాడు! అదే బుర్ర, అదే మనిషి. అంటే బుర్రకి పదును పెట్టడం అనేది లేదు, దేనికి పదును పెడితే అదే తెగుతుంది.

జ్ఞాపకశక్తి మాట వస్తే మనం వెంటనే అవధానం పేరెత్తుతాం. తిరుపతి వేంకట కవుల పేరు చెప్పి, ఆ శతావధానాలేవో మనమే చేసొచ్చినట్టు కాలర్ సర్దుకుంటాం. అయినా ఒక్కసారి ఆలోచించండి, మనం మాత్రం తక్కువ తిన్నామా? అష్టావధానికి చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. ఇంటి నుంచి పనిచేసే నాకు కూడా లెక్కకి అంతే తేలుతున్నారు. నేను ఎత్తుకున్న ప్రతి మాటకీ అడ్డుపడుతూ బాసు మీటింగులో నిషిద్ధాక్షరి నడిపిస్తాడు. కందిపప్పు, సర్ఫు, కొత్తిమీర, ఇంజక్షన్ సూది అనే నాలుగు మాటలిచ్చి మా ఆవిడ దత్తపది వేస్తుంది. వాట్సాప్ మోతలతో ఘంటాగణనం సరే సరి. అప్రస్తుత ప్రసంగానికి మా బావమరిది ఫోను చేస్తాడు. తేడా ఒక్కటే. అవధాని ఒక్కో పద్యాన్నీ ఆవృత్తికి ఒక పాదం చొప్పున నాలుగు విడతల్లో పూర్తిచేసి, ఆఖర్న అన్నీ ధారణ చేసి చెబుతాడు. నన్ను సాయంత్రం ధారణ చేయమంటే సూది ఒక్కటే తెస్తాను.

మనవాళ్ల బుర్రలు మొద్దుబారిపోయాయి అని ఇక్కడితో ముగించి ఉంటే ఈ వ్యాసం చక్కగా ఉండేది. మా అత్తయ్యగారు ముగించనివ్వలేదు.

ఆవిడకి 78 ఏళ్లు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. పాలు పొయ్యి మీద పెట్టి సీరియల్‌కి వెళతారు. (నిజమైన మతిమరుపు జబ్బు సంగతి వేరు. సొంత వీధిలో దారి తప్పిన పెద్దాయన్ని చూశాను, దాని మీద నేను నవ్వను.) మొన్న ఒక పెళ్లికి వెళ్లబోతూ కవరులో ఎంత పెట్టాలి అన్న మాట వచ్చింది. ఆవిడ ఒత్తులు చేసుకుంటూనే, తల కూడా ఎత్తకుండా అందుకున్నారు. "వాళ్లు మన పెళ్లికి నూటపదహార్లు రాయించి పదకొండు మంది భోంచేశారు. అందులో ఇద్దరు రెండో బంతిలో కూడా కూర్చున్నారు. చంటిదానికి విస్తరి వేయలేదని వాళ్ల పెద్దాడపడుచు అలిగింది." ఆ పెళ్లి నాది. 1994లో జరిగింది. పెళ్లికొడుకుని నేను. నాకు పొగ తప్ప ఏమీ గుర్తులేదు.

అనుమానమొచ్చి అటక మీది చదివింపుల పుస్తకం దింపి చూశాను. నూటపదహార్లే.

1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల ముక్కల్ని తానే బట్టీపట్టి, తానే మర్చిపోయి, ఎన్నాళ్లకి ఎంత పోతోందో లెక్కగట్టాడు. ఒకేరోజు రుబ్బితే నిలవదు, రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ చదివితే నిలుస్తుంది అని తేల్చాడు. మా అత్తయ్యగారి పద్ధతి అదే. ప్రతి శుభకార్యానికీ, ప్రతి పరామర్శకీ, ఆదివారాలు వాళ్ల చెల్లెలితో ఫోనులోనూ ఆ పాఠాన్ని పునశ్చరణ చేస్తూనే ఉంటారు. పాపం ఆయన అర్థంలేని అక్షరాలతో అవస్థపడ్డాడు కానీ, వాటికి తలొక అవమానం తగిలించి ఉంటే రెండోసారి చదవాల్సిన పనే ఉండేది కాదు. 2000లో లండన్ టాక్సీ డ్రైవర్ల మెదళ్లు స్కాన్ తీశారు. అక్కడ లైసెన్సు కావాలంటే వేల వీధులు నోటికి రావాలి. వాళ్ల మెదడులో దారుల్ని గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ వెనక భాగం మామూలు వాళ్లకన్నా పెద్దదిగానూ, ముందు భాగం చిన్నదిగానూ కనిపించింది. మా అత్తయ్యగారికి స్కాన్ తీస్తే చదివింపుల పేట బాగా విస్తరించి, కళ్లజోడు వీధి ఇరుకైపోయి ఉంటుందని నా అంచనా.

కాబట్టి విద్యాశాఖ వారికి ఒక విన్నపం. పదహారో ఎక్కం దాకా పిల్లలకి ఎలాగూ రావడం లేదు. దాన్ని ఎక్కంగా కాకుండా, ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఎవరు ఎగ్గొట్టారు అనే కథగా చెప్పించండి. ఆవర్తన పట్టికలో ఏ మూలకం పెళ్లికి ఏ మూలకం రాలేదో రాయించండి. ఈఏపీసెట్‌లో (అదే, పాత ఎంసెట్) ర్యాంకులు ఎక్కడ ఆగుతాయో చూద్దాం.

నా వరకు నేను చిన్నగా మొదలుపెడదామని, నిన్న మా ఆవిడ లేని సమయం చూసి, "మీ అమ్మాయి ఫోను నంబరు మీకేమైనా గుర్తుందాండీ?" అని అత్తయ్యగారిని అడిగాను. పది అంకెలూ టకటకా చెప్పేశారు. నోరు తెరిచి ఎలాగండీ అన్నాను.

"ఆ సిమ్ము కొన్న రోజున మీ దగ్గర చిల్లర లేదంటే డబ్బులు నేనే ఇచ్చాను బాబూ" అన్నారు, నుదుటి మీది కళ్లజోడు కోసం సోఫా కింద వెతుకుతూ.