బండికి ఐదేళ్ల బీమా ఉంది, ముంపుకి లేదు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు నీళ్లు కమ్ముకొచ్చినప్పుడు జనం చేతికి అందినవి తీసుకుని మేడ మీదకి ఎక్కారు. పిల్లల్ని, ముసలివాళ్లని, బియ్యం బస్తాని, కుదిరితే గ్యాస్ సిలిండర్‌ని పైకి చేర్చారు. స్కూటరో బైకో, బండి మాత్రం కిందే ఉండిపోయింది. క్వింటాల్ పైన బరువుండే బండిని ఇరుకు మెట్ల మీదుగా ఎవరు మోస్తారు? చాలా వీధుల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. తీశాక చూస్తే సీటు దాకా బురద. మెకానిక్ షెడ్ల ముందు ఒకే రంగులోకి మారిపోయిన బండ్లు వరుసలు కట్టాయి.

ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, ఆటోకి 10 వేలు, ద్విచక్ర వాహనానికి 3 వేలు. ఆ కష్టకాలంలో అది చిన్న సాయమేమీ కాదు, కాదనను. కానీ వారం రోజులు మురికినీళ్లలో నానిన బండిని 3 వేలతో రోడ్డెక్కించడం జరిగే పని కాదు. మిగతాది ఎవరు పెట్టుకోవాలి అన్నదగ్గరే బీమా మాట వస్తుంది. అక్కడే మనలో చాలామందికి తెలియని తిరకాసు ఒకటి ఉంది.

ఇంట్లో బండి కాగితాలు ఉన్న కవర్ తెరిచి పాలసీ ఒకసారి బయటికి తీయండి. 2020 ఆగస్టు తర్వాత కొత్తగా కొన్న బండి అయితే దాని మీద రెండు గడువులు ఉంటాయి. ఒకటి ఐదేళ్లకి, రెండోది ఒక్క ఏడాదికి. ఐదేళ్లది థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి. ఏడాదిది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి. వరద, తుపాను, అగ్నిప్రమాదం, దొంగతనం అన్నీ ఈ రెండో దాంట్లోనే ఉంటాయి. షోరూంలో మాత్రం మనకి చెప్పేది ఒకటే మాట: "ఐదేళ్లు ఇన్సూరెన్స్ ఉంది సార్, టెన్షన్ లేదు."

ఆ మాట అబద్ధం కాదు. సగం నిజం.

ఇది ఎలా వచ్చిందో చెప్పుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అయినా కొన్న ఏడాది దాటితే రెన్యువల్ చేయించేవాళ్లు తక్కువని, ప్రమాద బాధితులకి పరిహారం దక్కడం లేదని సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. దాంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకోవడం మొదలైంది. మొదట్లో ఓన్ డ్యామేజ్‌ని కూడా కలిపి ఐదేళ్లకి అమ్మేవారు. కొనేవాళ్లకి భారమవుతోందని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 ఆగస్టు 1 నుంచి ఆ పద్ధతి ఎత్తేసింది. ఉద్దేశం మంచిదే. కానీ ఫలితం ఏమిటంటే, మొదటి ఏడాది దాటాక సొంత బండికి రక్షణ పోయిందని యజమానికి గుర్తుచేసేవాడు లేకుండా పోయాడు. బీమా కంపెనీ ఒక మెసేజ్ పెడుతుంది, అది లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య కలిసిపోతుంది. చౌరస్తాలో పోలీసు ఆపి కాగితాలు అడిగితే ఐదేళ్ల పాలసీ చూపిస్తాం, ఆయన పంపించేస్తాడు. చట్టానికి కావాల్సింది అంతే. రోడ్డు మీద చెల్లే కాగితం వరదలో చెల్లదన్న సంగతి నీళ్లు వచ్చినప్పుడు గానీ బయటపడదు.

అందుకే 'జనానికి బీమా మీద అవగాహన లేదు' అనే మాట నాకు నచ్చదు. అయిదేళ్లు అని రాసిన కాగితం ఇచ్చి, తెలుసుకోలేదని వాళ్లనే తప్పుపట్టడం న్యాయం కాదు.

పోనీ ఇదేమైనా మోయలేని ఖర్చా? లెక్క వేసి చూద్దాం. ఎక్స్-షోరూం ధర 80 వేలు ఉన్న బండి ఐదో ఏడాదిలో ఉందనుకుందాం. తరుగు 50 శాతం పోను దాని బీమా విలువ, అంటే పాలసీలో ఐడీవీ అని రాసేది, 40 వేలు. పాత టారిఫ్, అంటే ఒకప్పుడు కంపెనీలన్నిటికీ ఒకటిగా ఉన్న రేట్ల పట్టిక ప్రకారం విజయవాడ లాంటి ఊళ్లో 150 సీసీ లోపు బండికి ఓన్ డ్యామేజ్ రేటు 1.676 శాతం. అంటే 670 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో సుమారు 790. కంపెనీలు దీని మీద డిస్కౌంట్ ఇస్తాయి కాబట్టి చేతి నుంచి పడేది ఇంకా తక్కువే ఉండొచ్చు. దానికి బదులు వరదలో బండి పూర్తిగా పోతే 40 వేల వరకు వస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం, ఇక్కడ 30 వేలు దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు. బండి మీద ఫైనాన్స్ ఉంటే ఆ డబ్బు ముందు ఫైనాన్స్ కంపెనీకే వెళ్తుందన్నది వేరే సంగతి.

రిపేరుతో సరిపోయే బండి అయితే లెక్క ఇంత అందంగా ఉండదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు, టైర్లు, బ్యాటరీ విలువలో సగమే ఇస్తారు. ఈ రోజుల్లో స్కూటర్ అంటే సగానికి సగం ప్లాస్టికే కదా. ఆ కోత వద్దనుకుంటే జీరో డిప్రిసియేషన్ అని, మనవాళ్లు బంపర్ టు బంపర్ అనేది, అదనంగా తీసుకోవాలి. పాత బండ్లకి అది దొరకడం కష్టం.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఇంజిన్ దగ్గర. నీళ్లు తగ్గగానే ఎవరైనా చేసే మొదటి పని సెల్ఫ్ నొక్కడం. స్టార్ట్ అవుతుందేమో అన్న ఆశ. ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి నొక్కుకున్నట్టు నీళ్లు నొక్కుకోవు. ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అప్పటిదాకా శుభ్రం చేసి, ఆయిల్ మారిస్తే తేరుకునే ఇంజిన్ ఆ ఒక్క నొక్కుతో బోరుకి వస్తుంది. బీమా కంపెనీ ఏమంటుందంటే, నీళ్లు రావడం వరద వల్ల, రాడ్ వంగడం నువ్వు స్టార్ట్ చేయడం వల్ల. మొదటిది పాలసీలో ఉంది, రెండోది లేదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటే తప్ప ఈ వాదన గెలవడం కష్టం. నాకు ఇది కొంత అన్యాయంగానే అనిపిస్తుంది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దని పాలసీ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు, క్లెయిమ్ దగ్గర మాత్రం అదే ప్రశ్న.

కాబట్టి బండి మునిగితే తాళం జోలికి వెళ్లొద్దు. నంబర్ ప్లేటూ, బండి మీద నీటి గుర్తూ కనపడేలా ఫోటోలు తీసుకుని, కంపెనీకి ఫోన్ చేసి, తోసుకుంటూనో ట్రాలీలోనో షెడ్‌కి చేర్చాలి. మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాల టీ రంగులోకి మారి ఉంటే నీళ్లు లోపలికి వెళ్లినట్టే. ప్లగ్ విప్పి నీళ్లు బయటికి కొట్టించి, ఆయిల్ ఒకటికి రెండుసార్లు మార్చాల్సి ఉంటుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్, సెన్సర్లు వచ్చాయి. వీధి చివరి మెకానిక్ ఎండలో ఆరబెట్టి బాగుచేసే కాలం వీటితో పోయింది. ఇక ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ మీద ఐపీ67 అని రాసి ఉంటే దాని అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని. వారం రోజులు అని కాదు.

క్లెయిమ్ కొట్టేస్తే అక్కడితో ఆగిపోనక్కర్లేదు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని క్లెయిమ్ ఆపడానికి లేదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది, ఇప్పటికీ అడిగేవాళ్లు ఉంటే ఆ మాట గుర్తుచేయొచ్చు.

అసలు మునగకుండా చూసుకోవడం ఇంకా మేలు కదా అంటే, మేలే. కానీ ఎక్కడ పెట్టాలి? 2024 అక్టోబర్‌లో వర్షాల హెచ్చరిక రాగానే చెన్నై వేళచేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరుసగా తెచ్చి పెట్టుకున్నారు. ఎవరూ చెప్పకుండానే వాళ్లకి తట్టిన ఉపాయం అది. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ 13 రాత్రి వాన తర్వాత సెల్లార్లలో తేలిన బండ్ల వీడియోలు మనం చూశాం. బుడమేరు పక్కన, ఖమ్మంలో మున్నేరు పక్కన ఏ కాలనీలు మునుగుతాయో అధికారులకి తెలుసు. హెచ్చరిక వచ్చినప్పుడు ఫలానా స్కూలు గ్రౌండులో, ఫలానా ఎత్తు రోడ్డు మీద బండ్లు పెట్టుకోవచ్చు, చలానా వేయం అని ముందే చెబితే ఖర్చేమీ కాదు.

బీమా వైపు కూడా చేయదగ్గ పని ఒకటుంది. పాత టారిఫ్‌లో థర్డ్ పార్టీ పాలసీకి అగ్నిప్రమాదం, దొంగతనం మాత్రమే జోడించుకునే వీలు ఉండేది. అదే తీరున వరద, తుపాను మాత్రమే చేర్చి, ఐదేళ్లకి ఒకేసారి చిన్న మొత్తం కట్టించుకుంటే సరిపోతుంది. గీతలకీ సొట్టలకీ క్లెయిమ్ అక్కర్లేని తాపీమేస్త్రీకి, పాల వ్యాపారికి కావాల్సింది అదే. ముంపు ప్రాంతాల వాళ్లే ఎక్కువగా కొంటారని కంపెనీలు భయపడతాయి. అందుకే బండి కొన్న ప్రతివాడి పాలసీలోనూ అది ఉండాలి, థర్డ్ పార్టీ లాగే.

అప్పటిదాకా గడువు తేదీలు చూసుకోవడం మన పనే. సింగ్‌నగర్‌లో పాత బండి పోయి 2024 దసరాకి కొత్తది కొన్నవాళ్ల ఓన్ డ్యామేజ్, రెన్యువల్ చేయించకపోతే, 2025 అక్టోబర్‌లోనే అయిపోయింది. థర్డ్ పార్టీ 2029 దాకా ఉంది.